డైనమో అప్పగింతలు

ఆ ఆదివారం పొద్దున సిరాజుద్దీన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. దెందులూరు నుంచి అచ్యుతరావుగారు వస్తారు, కుక్కపిల్లని అప్పగించాలి, షాపు కట్టేసి ఇంటికెళ్ళి భోంచేసి పడుకోవాలి. ఏలూరు పవర్‌పేట స్టేషను దగ్గర కాలిన మోటార్లకి కొత్త రాగి తీగ చుట్టే వైండింగ్ షాపు అతనిది. పనిలో వంక పెట్టినవాళ్ళు లేరు. మనిషిలోనే చిన్న ఇబ్బంది ఉంది. ‘కుదరదు’ అనే మాట అతని నోట్లోంచి రాదు. ఎవరేమడిగినా "అలాగేనండి" అంటాడు, తరువాత తల పట్టుకుంటాడు.

కుక్కపిల్ల సంగతి చెప్పాలి. వానాకాలంలో ఒకరోజు ఖాళీ మోటారు పెట్టెలో దూరి వణుకుతూ కనిపించింది. మంచి ఇల్లు దొరికేదాకా ఉంచుదామనుకున్నాడు. ఆ వణుకు ఆ ఒక్కరోజే. మర్నాటి నుంచి అది ఒకచోట నిలబడగా చూసినవాళ్ళు లేరు. బల్ల మీంచి డ్రమ్ము మీదికి, డ్రమ్ము మీంచి కస్టమరు ఒళ్ళోకి. అన్నం తిన్నా గిన్నెని షాపంతా తిప్పుతూ తినేది. నిజం చెప్పొద్దూ, అంత హుషారు ఏలూరు మొత్తమ్మీద ఇంకో ప్రాణికి లేదు. అందుకే డైనమో అని పేరు పెట్టాడు.

ఆ హుషారులోనే మొన్న టెస్టింగ్ బోర్డు వైరు కొరికింది. ఫ్యూజు ఎగిరిపోబట్టి బతికింది. సిరాజుద్దీన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మూతీ కాళ్ళూ తడిమి తడిమి చూశాడు. అతని భార్య రహీమా మాత్రం తేల్చి చెప్పింది. "ఏవండీ, ఇల్లు నమాజు చేసుకునే చోటు, అక్కడికి తేలేం. ఇక్కడే ఉంచితే కరెంటు దీన్ని పొట్టన పెట్టుకుంటుంది. తొందరగా దీనికో ఇల్లు చూడండి."

చూశాడు. తన చేపల చెరువు గట్టున కాపలాకి కావాలని అచ్యుతరావుగారు అడిగితే అలాగేనండి అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది.

షాపు తలుపు తీశాడో లేదో సెల్‌ఫోను మోగింది. ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన కొత్తరోజులు, జనం ఊరికే ఫోన్లు చేసేవారు. ఇది ఊరికే చేసింది కాదు. "సిరాజుద్దీన్ గారూ, ఎలిజబెత్ టీచర్నండి. భీమడోలులో రైలెక్కేశాను. మా డైనమోని రెడీగా ఉంచండి."

షాపుకి కూడా వచ్చిన రహీమాకి భర్త మొహం చూడగానే అర్థమైపోయింది. "ఆవిడకీ ఇస్తానన్నారా?"

"ఒంటరిగా ఉంటారు, తోడు కావాలన్నారు. అంత పెద్దావిడ అడిగితే కుదరదని ఎలా అంటాను చెప్పు?"

ఇక ఒకరినైనా ఆపాలి. సిరాజుద్దీన్ అచ్యుతరావుగారికి ఫోన్ చేసి, కుక్కపిల్లకి ఒంట్లో బాగోలేదు, పై ఆదివారం రమ్మన్నాడు. ఆయన "అయ్యో, పాపం" అని ఫోన్ పెట్టేశారు. గండం గడిచిందనుకుని సిరాజుద్దీన్ టీ తెప్పించుకున్నాడు. ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే అచ్యుతరావుగారు ఇంట్లో కూర్చునే మనిషి కాదని అతనికి తట్టలేదు.

టీచరుగారు వచ్చారు. డైనమో ఎదురెళ్ళి ఆవిడ చుట్టూ గిరగిరా తిరిగి, కాలి చెప్పు లాక్కుపోయింది. ఆవిడ మురిసిపోయి నవ్వుతుండగానే బయట మోటారుసైకిలు ఆగింది. అచ్యుతరావుగారు దిగారు. ఆ వెనకే స్కూటీ మీద, చేతిలో మందుల పెట్టెతో ఒకావిడ.

"మా దెందులూరు పశువుల డాక్టరుగారండి, వీరదుర్గగారు. సొంతూరు తాడేపల్లిగూడెం. సెలవని కూడా చూడకుండా వచ్చారు. ఏదండీ, పిల్ల ఎలా ఉంది?"

సిరాజుద్దీన్ చటుక్కున డైనమోని పట్టుకుని గోనెసంచి మీద పడుకోబెట్టి, ఇంకో సంచి కప్పి, చేత్తో అదిమిపెట్టాడు. "నీరసంగా ఉందండి. లేవలేకపోతోంది."

"అదేంటండీ, ఇప్పుడేగా నా చెప్పు పట్టుకుపోయింది?" అన్నారు టీచరుగారు.

ఆ మాటకే కాచుకున్నట్టు డైనమో లేచింది. వీపు మీద గోనెసంచి, నోట్లో చెప్పు. వైండింగ్ కోసం పెట్టిన రాగి తీగ రీలు దొర్లింది, తీగ కొస దాని కాలికి తగులుకుంది. టీచరుగారి చుట్టూ ఒక చుట్టు, అచ్యుతరావుగారి చుట్టూ ఒక చుట్టు, మళ్ళీ ఇద్దరికీ కలిపి. ఆపడానికి వెళ్ళిన సిరాజుద్దీన్‌ని కూడా అందులో చుట్టేసింది. అతను కూడా అంత వేగంగా ఎప్పుడూ తీగ చుట్టలేదు.

వీరదుర్గ మందుల పెట్టె తెరవనేలేదు. "దీనికి జబ్బేంటండీ? దీని హుషారులో సగం మా ఊరి ఎద్దులకుంటే నాకు పనే ఉండదు."

తీగ మధ్యన నిలబడి సిరాజుద్దీన్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇద్దరికీ మాటిచ్చాడు, ఇద్దరికీ కుదరదని చెప్పలేకపోయాడు. చీవాట్లు పడతాయని తల వంచుకున్నాడు. గోదావరి జిల్లా మర్యాద చీవాట్ల కంటే ప్రమాదం.

"దానిదేముందండీ, టీచరుగారు తీసుకెళ్తారు. రైలెక్కి వచ్చారు పాపం," అన్నారు అచ్యుతరావుగారు.

"భలేవారే. సెలవు రోజు డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చారు మీరు. మీదేనండి."

"ఆడకూతుర్ని ఉత్తచేతుల్తో పంపిస్తే మా ఇంట్లో నాకు అన్నం పెట్టరండి."

"మీ నోటి దగ్గరది లాక్కున్నానని నేను ప్రార్థనలో ఎలా చెప్పుకోను?"

రహీమా తీగ కోసేసరికి ఇద్దరూ పట్టుదల మీదికి వచ్చేశారు. తీసుకుంటే ఒట్టు అని ఆయన, నేనూ ఒట్టే అని ఆవిడ. ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకున్నారు. ఆయన మోటారుసైకిలు మీద ఆవిడని స్టేషను దాకా దింపడానికి తీసుకెళ్ళారు కూడా. ఎంత మంచివాళ్ళో చెప్పలేం. పొద్దున రెండు ఇళ్ళున్న డైనమోకి ఇప్పుడు ఒక్క ఇల్లూ లేదు.

అది మళ్ళీ టెస్టింగ్ బోర్డు వైపు నడిచింది. సిరాజుద్దీన్ ఒక్క ఉదుటున వెళ్ళి ఎత్తుకున్నాడు.

అంతా చూస్తున్న వీరదుర్గ దగ్గరికొచ్చింది. "మా ఆసుపత్రి క్వార్టర్సుకి చుట్టూ గోడ ఉందండి, బోలెడు ఖాళీ స్థలం. పొద్దున్నే పశువుల్ని చూడ్డానికి ఊళ్ళు తిరుగుతాను, కూడా తిరుగుతుంది. నాకిస్తారా?"

ఇంతకంటే మంచి ఇల్లు వెతికినా దొరకదు. సిరాజుద్దీన్ నోరు తెరిచాడు. అడిగినవాళ్ళందరికీ అలాగేనండి అన్న ఆ నోరు, అనాల్సిన చోట పెగల్లేదు. కుక్కపిల్ల అతని గడ్డం నాకుతోంది. అతను దాన్ని ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

రహీమా మెల్లగా అతని చేతుల్లోంచి డైనమోని అందుకుంది. అన్నాళ్ళూ దాన్ని ఎత్తుకోనిది, ఆ రోజు ఎత్తుకుంది. కళ్ళలో నీళ్ళొచ్చినా తుడుచుకోలేదు. "అలాగేనండి, తీసుకెళ్ళండి," అని వీరదుర్గ చేతుల్లో పెట్టింది.

స్కూటీ వెళ్ళిపోయాక షాపు నిశ్శబ్దమైపోయింది. సిరాజుద్దీన్‌కి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆ రోజు భోంచెయ్యలేదు, పడుకోనూ లేదు.

పై ఆదివారం పొద్దున్నే టూల్స్ సంచి భుజాన వేసుకుని, పశువుల ఆసుపత్రిలో బోరు మోటారు కాలిపోయిందట, చూసొస్తానన్నాడు. రహీమా ఇంకేమీ అడక్కుండా ఉడికించిన మాంసం ముక్కల డబ్బా ఆ సంచిలో పెట్టింది.

ఆ ఆసుపత్రిలో ఉన్నది చేతిపంపు ఒక్కటే.