ఉట్టిలో ఐదో రొట్టె

దేవరకొండ దిక్కున్న ఆ ఊళ్లో సలహాల భిక్షపతిని ఎరగనివారు లేరు. ఎద్దు కుంటినా, గోడ ఒరిగినా అతని దగ్గర ఓ ఉపాయం ఉండేది. ఆ ఉపాయం పాటించాక ఎద్దు పూర్తిగా పడుకునేది, పక్క గోడ కూడా ఒరిగేది.

అంతటి మనిషి తన ఇంట్లో ఒక్క రొట్టె దగ్గర చిక్కుకుపోయాడు.

నిజాం సర్కారు పోయి, యూనియన్ పటాలం వచ్చి ఊరవతల క్యాంపు వేసిన కాలం అది. భిక్షపతి ఒక్కగానొక్క కొడుకు ఐలేశం అంతకుముందే నిజాం మీద తిరగబడ్డ సంగపోళ్ల దళంతో అడవికి పోయాడు. ఆనాటి నుంచి నాగులమ్మ పొద్దుగూకే వేళ తమ ఇద్దరికీ నాలుగు జొన్నరొట్టెలు చేసి, కొడుకు కోసం వెల్లుల్లికారం రాసిన ఐదోది ఉట్టిలో పెట్టేది. తెల్లారి అది అట్లాగే కనబడితే ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదు.

కొన్నాళ్లు చూసి భిక్షపతి ఓ ఉపాయం చేశాడు. ఆమె లేవకముందే లేచి రొట్టె తినేశాడు.

"నా కొడుకు వచ్చిపోయిండయ్యో!" అని నాగులమ్మ ఆ పొద్దున నవ్వింది. ఇల్లు ఎన్నాళ్లకో ఇల్లులా అనిపించింది. ఆ నవ్వు పోగొట్టే ధైర్యం లేక భిక్షపతి ఆరు నెలలుగా రోజూ చల్లటి రొట్టె నములుతున్నాడు.

ఇప్పుడు అడవిలోని దళాలకు తిండి అందకుండా క్యాంపు జవాన్లు సాయంత్రాలు ఇళ్లల్లోకి వచ్చి రొట్టెలు లెక్క చూస్తున్నారు. ఇంట్లో ఉన్న మనుషులకు మించి ఉంటే ఎవరికని అడుగుతున్నారు. పొరుగూళ్లో అట్లా అడిగి తీసుకుపోయిన ముసలాయన ఇంకా తిరిగి రాలేదు.

"ఏమే, ఇగ ఎక్కువ చేయకు," అన్నాడు భిక్షపతి.

"ఎందుకు చేయొద్దు? వాడు దినాం తిని పోతుండు గద."

తిన్న నోరు ఏమని చెబుతుంది?

మూడు రోజులు ఆలోచించి గవ్వలతో ఆడే పచ్చీసు ఆట పెట్టాడు. వాకిట్లో సుద్దతో గళ్లు గీశాడు. ఆడేవాళ్లు ఇంటికో రొట్టె పందెం పెట్టాలి, గెలిచినవాళ్లు అక్కడికక్కడే తినాలి. గవ్వలు వేయడంలో ఊరికే మొనగత్తె అయిన పక్కింటి గోపమ్మతో ముందే మాట్లాడుకున్నాడు.

"దినాం దాన్ని ఓడగొట్టాలె చెల్లే. పది రోజులు రొట్టె పోతే అదే ఇడిసిపెడ్తది."

"నాకేం పోయింది అన్నా? కడుపు నిండుతది," అంది గోపమ్మ.

మొదటి రోజు నాగులమ్మ ఓడింది. గోపమ్మ రొట్టె తిని త్రేన్చింది. భిక్షపతి మీసం దువ్వుకున్నాడు.

రెండో రోజు నాగులమ్మ ఆరు రొట్టెలు చేసింది.

"ఆరెందుకే?"

"పందేనికొకటి, ఉట్టికొకటి. లెక్క రాదా నీకు?"

వారం తిరిగేసరికి వాకిలి నిండా ఆడవాళ్లే. ఎదురింటామె అండాలు ఒక పందెం రొట్టె తెచ్చి, ఇంట్లో ఇంకోటి ఉట్టిలో పెట్టి వచ్చేది. ఆమె మొగుడూ అడవిలోనే ఉన్నాడు. గోపమ్మ తమ్ముడు నల్లగొండ జైల్లో ఉన్నాడు. ఆ వాడలో మనిషి తక్కువ కాని ఇల్లు లేదు. అందరిళ్లల్లో పిండి ఎక్కువే తడుస్తోంది. ఒక్క రొట్టె మాన్పించబోయిన భిక్షపతికి పదకొండు ఎక్కువ రొట్టెలు తేలాయి.

సరిగ్గా అప్పుడే క్యాంపు జమేదారు వచ్చాడు.

"ఈ రొట్టెలన్నీ ఎవరికి?"

భిక్షపతి నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి అందులోంచి సలహా రాలేదు.

"పందెం రొట్టెలు సారూ," అంది నాగులమ్మ, గవ్వలు గలగలలాడిస్తూ. "గీ ఆట మా ఇంటాయినే పెట్టిండు. ఆయిననే అడుగుండ్రి. కూసోండ్రి, మీరు గూడ ఒక చేయి ఏయుండ్రి."

"మరి మా దగ్గర రొట్టె లేదే?"

"మా ఇంటాయినది మీ పేర పెడ్తం. ఆయినకు ఆకలి తక్కువ."

జమేదారు నవ్వి కూర్చున్నాడు. రెండుసార్లు ఓడాడు. భిక్షపతి రాత్రి తిండి మొత్తం గోపమ్మ కడుపులోకి పోయింది. లేచి పోతున్న జమేదారు చేతిలో నాగులమ్మ తన రొట్టె ఒకటి పెట్టింది. అతను కొంచెం తుంచి నోట్లో వేసుకుని, "ఇల్లు వదిలి రెండేళ్లయింది," అన్నాడు. మళ్లీ ఆ వాడలో ఎవరి రొట్టెలూ అడగలేదు.

మర్నాడు తెలతెలవారుతుండగా భిక్షపతి కాలే కడుపుతో ఉట్టిలో చేయి పెట్టాడు.

"కూసొని తిను," అంది నాగులమ్మ పొయ్యి దగ్గర నుంచి. "నిలబడి తింటే ఎక్కిళ్లొస్తయి నీకు."

చేయి ఉట్టిలోనే ఆగిపోయింది. "ఎప్పటిసంది ఎరుక నీకు?"

"మొదటి దినమే. నీ మీసాలకు కారం అంటింది. నా కొడుక్కు ఇంకా మీసాలెక్కడియి?"

"మరెందుకు నవ్వినవే?"

"నువ్వు రొట్టె దిక్కు సూసి కండ్లు తుడుసుకుంటుంటివి. నేను నవ్వితే నీ పాణం నిమ్మలమైతదని."

భిక్షపతి కూర్చున్నాడు. ఆరు నెలలు ఒక్కడే మోసిన బరువు ఆమె కూడా మోస్తోందని తెలియనేలేదు. రొట్టె విరిచి సగం చాచాడు. ఆమె తీసుకుంది. ఇద్దరూ నమిలారు. ముందుగా అతనికే ఎక్కిళ్లొచ్చాయి.

నాగులమ్మ చెంబు అందించి, పొయ్యి ఊదింది.

"ఇగ లేసి జొన్నలు ఇసురు. ఇది మనం తింటిమి. వాడొస్తే ఒకటుండాలె గద."