కుందేలుకు ఓటు లేదు

ఆ బుధవారం ఉదయం మలావీ సరస్సు మీద ఆకాశంలో నాలుగు గోధుమరంగు స్తంభాలు లేచాయి. పొగ కాదు, వాన కాదు. పురుగులు. సరస్సు పురుగులు కోట్లకొద్దీ ఒకేసారి పైకి లేస్తే అలాగే ఉంటుంది. వాటిని పట్టి అట్లు వేసుకోవడానికి లుసెంగా ఊరి ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తారు.

సరిగ్గా అప్పుడే రేడియోలో నీటి ప్రగతి శాఖామాత్యులు థెన్‌ఫోర్డ్ నజోంబె గారి ప్రకటన వెలువడింది.

"ఈ శనివారం లుసెంగాలో నేను కుళాయి తిప్పిన క్షణం నుంచి ఈ జిల్లాలో కలరా అన్న మాటే వినపడదు. పేగుల్లో విషం కక్కే క్రిములకు ఇదే నా ఆఖరి హెచ్చరిక."

క్రిములు ఏమన్నాయో రేడియో చెప్పలేదు.

యోటాము చవింగా ఆ ప్రకటన అంతా నిలబడే విన్నాడు. ఆయన జాతీయ పేగు విషాల పరిశోధనా కేంద్రంలో ఉద్యోగి. కేంద్రం అంటే రెండు గదులు, ఒక మైక్రోస్కోపు, నాలుగు కుందేళ్లు, యోటాము. దాన్ని మంత్రిగారు ఇప్పటికి మూడుసార్లు ప్రారంభించారు. మూడుసార్లూ రిబ్బన్ కొత్తదే.

యోటాము మాట్లాడేది తక్కువ. ఆయనది లుసెంగాయే. భార్య, ఇద్దరు కూతుళ్లు అక్కడే ఉన్నారు. శనివారం నుంచి వాళ్ల బిందెలు ఆ కుళాయి కిందికే వెళ్తాయి. అందుకే ఎవరూ అడక్కుండానే సోమవారమే కొత్త ట్యాంకు నుంచి ఒక సీసాడు నీళ్లు తెచ్చాడు. అందులో ఉన్న క్రిమిని పెంచాడు, వడగట్టి క్రిమిని తీసేశాడు, మిగిలిన తేటను ఒక కుందేలు పేగులోకి ఎక్కించాడు. బుధవారం తెల్లారేసరికి పేగు నీళ్లు నింపిన తోలుతిత్తిలా ఉబ్బింది. ఆ విషం పని అదే. ఒంట్లో ఉన్న నీళ్లన్నింటినీ పేగులోకి లాగేస్తుంది. నిన్న గంతులేసిన మనిషి ఇవాళ గంజినీళ్లలా కారిపోతాడు.

యోటాము మంత్రిగారికి ఒక్క కాగితం రాసి పంపాడు. "ట్యాంకులో కలరా క్రిమి ఉంది. విషం కక్కుతోంది. కుళాయి తెరవకండి."

జవాబుగా ఆ సాయంత్రం మంత్రిగారే దిగారు. ఎంత శ్రద్ధ! వెంట పార్టీ జిల్లా కార్యదర్శి సిస్టన్ మ్సిస్కా.

"ఏదయ్యా ఆ కుందేలు?" అన్నారు మంత్రిగారు.

"పోయిందయ్యా."

"ఎక్కడికి?"

"చచ్చిపోయింది."

"మనకు చెప్పకుండానే?" అన్నాడు సిస్టన్.

మంత్రిగారు గడ్డం నిమురుకున్నారు. "ఏ దేశపు కుందేలు?"

"టాంజానియాలో కొన్నామయ్యా."

"అదీ సంగతి! విదేశీ కుందేలు కడుపు ఉబ్బిందని స్వదేశీ కుళాయి ఆపుతామా?"

ఇంత సూటి ప్రశ్న శాస్త్రలోకంలో ఇంతవరకు ఎవరికీ తట్టలేదు. యోటాము రెండో కుందేలును తీశాడు. అది ఇక్కడే, ఆయన మేనత్త పెరట్లో పుట్టింది. గురువారానికి అదీ ఉబ్బింది.

"దీనికి పార్టీ కార్డుందా?" అని ఫోనులో అడిగాడు సిస్టన్.

"లేదు."

"మరి ఉబ్బదా?"

మూడోది మాత్రం సాక్షాత్తూ పార్టీ మహిళా అధ్యక్షురాలు కానుకగా ఇచ్చిన కుందేలు. మెడకు పార్టీ రంగు గుడ్డ కూడా కట్టి ఇచ్చింది. శుక్రవారం తెల్లారకముందే అది మిగతా రెంటికంటే ఎక్కువ ఉబ్బింది.

"మనవాళ్లే మనకు వెన్నుపోటు," అన్నారు మంత్రిగారు, కేంద్రంలో అడుగుపెడుతూనే. కళ్లు తుడుచుకుని కారు డిక్కీ తెరిపించారు. అందులో సీసా నీళ్ల పెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఒక సీసా యోటాము చేతికిచ్చారు. "నాలుగోదానికి ఈ నీళ్లతో చెయ్యి పరీక్ష."

"ఇవి సీసా నీళ్లు కదయ్యా."

"నీళ్లు నీళ్లే! చదువుకున్నవాడివి, నీళ్లకూ నీళ్లకూ తేడా చూపిస్తావా?"

నాలుగో కుందేలు ఉబ్బలేదు. క్యారెట్ కూడా తింది. సాయంత్రం వార్తల్లో, తాజా పరిశోధనలో కుందేలు ఆరోగ్యం పూర్తి సంతృప్తికరం అని చెప్పారు. మొదటి మూడింటి ఊసు లేదు. వాటికి ఓటు లేదుగా.

ఆ సాయంత్రమే యోటాము లుసెంగా వెళ్లాడు. ఊరి పెద్ద న్యాగోండ్వే అవ్వ వాకిట్లో జొన్న బీరు వడగడుతోంది. పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, ఎవరికైనా బీరు ఇచ్చేటప్పుడు ముందు ఎవరు తాగాలి?"

"ఇచ్చినవాళ్లే. మందు పెట్టలేదని తెలియొద్దూ? నీకు తెలీదా, పిల్లల తండ్రివి!"

"నీళ్లయినా అంతేనా?"

అవ్వ వడకట్టే బుట్ట పక్కన పెట్టింది. ఆయన ముఖంలోకి చూసింది.

"ఏదైనా అంతే," అంది.

యోటాము లేచి ఇంటికి వెళ్లాడు.

శనివారం లుసెంగాలో జాతర. ఆడవాళ్లు పార్టీ గుడ్డలు చుట్టుకుని కూతలు పెడుతూ ఆడారు. మంత్రిగారు కుళాయి తిప్పారు. నీళ్లు ధారగా పడ్డాయి, ఎండకు మెరిశాయి. పిల్లలు బిందెలతో తోసుకున్నారు. అందరికంటే ముందు యోటాము చిన్న కూతురు.

న్యాగోండ్వే అవ్వ కర్ర అడ్డం పెట్టింది. ఒక సొరబుర్ర చిప్ప నిండా కుళాయి నీళ్లు పట్టి మంత్రిగారికి అందించింది.

"తాగు నాయనా."

"ముందు నా తల్లులు, చెల్లెళ్లు..."

"ఇచ్చేవాడు ముందు. ఆ తర్వాతే మేము."

సిస్టన్ పరుగున వెళ్లి కారులోని సీసా నీళ్లు గ్లాసులో పోసి తెచ్చాడు. "ఇవి తాగుతారు అవ్వా, ఇవీ నీళ్లే."

"అవి సీసావి. నాకిచ్చింది సీసా కాదుగా, కుళాయి."

ఆట ఆగింది. మంత్రిగారు చిప్పను పెదవుల దాకా ఎత్తారు. కళ్లెత్తి యోటాము వైపు చూశారు. యోటాము ఆకాశం చూస్తున్నాడు. ఇవాళ ఒక్క పురుగూ లేవలేదు.

చిప్ప కిందికి దిగింది.

"సోదరులారా!" అన్నారు మంత్రిగారు, గొంతు గద్గదమై. "ఇంత గొప్ప కుళాయిని ఇంత చిన్న సభలో వాడేస్తే చరిత్ర నన్ను క్షమించదు. ఇది జాతి సంపద. దీన్ని భద్రపరుస్తున్నాను!"

కుళాయి కట్టించి, పిడి ఊడదీయించి కోటు జేబులో వేసుకున్నారు. అంతా చప్పట్లు కొట్టారు. యోటాము కూతురి ఖాళీ బిందె తన చేతిలోకి తీసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం అవ్వ వాకిట్లోనే. చాపల మీద న్సిమా సంకటి ముద్దలు, ఎండు చేపల పులుసు, బుధవారం పట్టిన పురుగుల అట్లు. చేతులు కడగడానికి అవ్వ మనవరాలు చెంబు పట్టుకొచ్చింది.

"ఎక్కడివమ్మా నీళ్లు?" అన్నారు మంత్రిగారు.

"మీ కుళాయివేనండీ. పిడి ఊడదీసేలోగా పట్టాను."

మంత్రిగారి చేతులు వెనక్కి వెళ్లాయి. డ్రైవరు డిక్కీ తెరిచాడు. సీసా మూత తిప్పి మంత్రిగారి చేతుల మీద పోశాడు. తర్వాత సిస్టన్ చేతుల మీద. ఒకరికి పోసి ఇంకొకరికి పోయకపోవడం బాగుండదు కాబట్టి రేడియో విలేకరికి, ఊరి పెద్దలకు, యోటాముకు, పిల్లలకు. ఆఖరున అవ్వ చేతులు చాపేసరికి మొదటి పెట్టె ఖాళీ. రెండోది దింపారు.

కారులో ఒంటిగంట వార్తలు వస్తున్నాయి. లుసెంగా కుళాయి తొలి చెంబెడు నీళ్లు మంత్రిగారే స్వయంగా తాగి, తేనెలా ఉన్నాయని కొనియాడారట. ఆ వార్త పొద్దున ఏడింటికే పంపేసిన విలేకరి తల దించుకుని సంకటి వైపు చూశాడు.

అవ్వ ముద్ద చేసి, పులుసులో అద్ది, అందరికంటే ముందు తను నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. తర్వాత అందరూ తిన్నారు.