మచ్చకాయలు ఏరిన పాఠం

ఆ గురువారం పొద్దున బయ్యమ్మ వేసుకున్న లెక్క చిన్నదే. కొడుకు హరీష్ తొమ్మిదిలోపల కంప్యూటర్ పాఠం ముగిస్తాడు. ఇద్దరూ సంగటి తిని పుంగనూరులో పదిగంటల బస్సెక్కుతారు. మదనపల్లె ఆస్పత్రిలో ఆ పాఠాలు చూసే మమత మేడం, పనికి పోవచ్చని ఉత్తరం రాసిస్తుంది. ఆ ఉత్తరం చేతికొస్తే సోమవారం నుంచి హరీష్ కుప్పంలో మేనమామ విత్తనాల అంగట్లో పనికి చేరతాడు.

హరీష్‌కు స్కిజోఫ్రీనియా వచ్చి తొమ్మిదేళ్లు. మాత్రలతో చెవిలో గొంతులు ఆగాయి గాని, విన్నమాట మనసులో నిలవడం కష్టమైంది. అందుకే ఆస్పత్రివాళ్లు ల్యాప్‌టాప్ ఇచ్చి, జ్ఞాపకానికీ ధ్యాసకీ రోజూ అరగంట సాధన పెట్టారు. ఇంట్లో చేసిన పాఠం మార్కులు అప్పటికప్పుడే మదనపల్లెలో మమతకు కనిపిస్తాయి. మొదట్లో ముప్పై వచ్చేవి. నిన్న ఎనభై రెండు.

గడ్డం గీయించుకొస్తానని పోయిన హరీష్ ఎనిమిదిన్నరైనా రాలేదు. తొమ్మిది దాటితే పాఠం మూసుకుపోతుంది. బయ్యమ్మ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒక్కరోజు తప్పితే ఉత్తరం రాయరేమో! యాభై దాటాక అక్షరాలు దిద్దిన మనిషి, తెరమీద ‘మొదలుపెట్టు’ అన్నమాట కూడబలుక్కొని చదివి, కళ్లు మూసుకొని నొక్కేసింది.

కూరగాయల బొమ్మలు వచ్చాయి. ఒకసారి చూసిన బొమ్మ మళ్లీ వస్తేనే నొక్కాలి. కాని అది ఇరవై ఏళ్లు టమేటా మండీలో చెడ్డకాయలు ఏరి పారేసిన చెయ్యి. నల్లమచ్చ కాయ కనబడితే ఊరుకోదు; కనబడిన ప్రతిదాన్నీ నొక్కేసింది.

నూటికి పద్నాలుగు వచ్చాయి. ఆ వెంటనే ఫోన్ మోగింది.

“బయ్యమ్మా, హరీష్‌కి ఏమైంది? మాత్ర ఏసుకున్న్యాడా?” మమత గొంతు కంగారుగా ఉంది.

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే మోసమంటారని మింగేసింది. “తలనొప్పి అన్న్యాడు మేడం.”

“ఒక్కరోజులో ఇంత పడిపోకూడదే! డాక్టర్‌గారికి చెప్తాండాను. పిల్చుకోని రాండి.”

ఆస్పత్రి కాగితాల్లో రెండో నంబరు కుప్పంలోని తమ్ముడు నారాయణస్వామిది. ఆస్పత్రివాళ్లు చెప్పగానే, అయిదు నిమిషాల్లో అతను ఫోన్ చేశాడు.

“అక్కా, వాడికి జబ్బు మళ్లీ వచ్చిందంటనే! కారెత్తుకోని నేరుగా ఆస్పత్రికి వస్తాండా. వాడు యాడుండాడు?”

“సెలూన్‌లో.”

“కత్తులుండే చోటికి యాల పంపితివే!”

ఆ అరుపు పక్కింటి కుప్పమ్మకు కూడా వినబడింది. విభూతి పొట్లంతో వచ్చి గడపలో కూర్చుంది. నున్నటి గడ్డంతో హరీష్ వచ్చి, ఇద్దరినీ చూసి నవ్వాడు.

“సూడు, ఊరికే నగతాండాడు,” అంది కుప్పమ్మ గుసగుసగా.

హరీష్ నవ్వు ఆపేశాడు.

“ఇప్పుడు సూడు, గమ్మునైపాయ.”

పద్నాలుగు తెచ్చింది తానేనని తెలిసీ, బయ్యమ్మ వాడి కళ్లలోకి తొంగితొంగి చూసింది. తొమ్మిదేళ్ల భయానికి రుజువులతో పనిలేదు. బస్సులో వాడు కిటికీలోంచి చూస్తే భయం, చూడకపోతే భయం.

ఆస్పత్రిలో అప్పటికే నారాయణస్వామి చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. డాక్టర్ భీమరావు మార్కుల కాగితం చూసి పెదవి విరిచాడు. “నాలుగు రోజులు ఇక్కడే ఉంచుదాం. మాత్ర పెంచాల్సి రావచ్చు.”

పెంచితే మళ్లీ పగలంతా మంచమే. సోమవారం లేదు, కుప్పం లేదు. బయ్యమ్మ చేతులు జోడించింది. “సార్... పెంచద్దు సార్...” అంది గాని, పాఠం తానే చేశానని చెప్పలేదు.

“ఆ పాఠం నాకోసారి సూపీండి మేడం,” అన్నాడు హరీష్.

మమత తెర తిప్పింది. అతను మెల్లగా ఒక్కొక్క వరుసా చూశాడు.

“ఎనిమిది ముప్పై ఐదుకు చేసినట్టుండాదే. అప్పుడు నేను సెలూన్‌లో ఉండా. తప్పు నొక్కినవన్నీ మచ్చకాయలే, ఒక్కటీ వదల్లేదు.” తల ఎత్తి తల్లివైపు చూశాడు. “ఇది జబ్బు కాదు సార్. మా యమ్మ.”

బయ్యమ్మ కొంగు మొహానికి కప్పుకుంది. “తొమ్మిదైతే మూసేస్తాదని భయపడి... తప్పైపాయ సార్!”

 డాక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, అవసరమైన దానికంటే ఎక్కువసేపు. మమత హరీష్‌ను కూర్చోబెట్టి కొత్త పాఠం చేయించింది. ఎనభై ఆరు.

“ఇంత గురిగా సూసేవాడు నా అంగట్లో ఇంతవరకు లేడు,” అన్నాడు నారాయణస్వామి, కత్తుల సంగతి ఎవరికీ గుర్తు రాకూడదన్నట్టు గబగబా.

మమత ఉత్తరం రాసి, కింద ఒక షరతు చేర్చింది: ఇకమీదట పాఠం హరీషే చేయాలి.

బయ్యమ్మ ఆ వరుస కూడబలుక్కొని చదివి, ఉత్తరాన్ని మడిచి రవికలో దోపుకొని, “సరే మేడం. కాని మీ కంప్యూటర్‌లో కాయలు మాత్రం మంచివి కావు,” అంది.