టపా గుహలో చోటు

ఒక పెద్ద అడవిలో టపా గుహ ఒకటుండేది. జంతువులు టేకాకుల మీద గీకి పంపే కబుర్లన్నీ అందులోని గూళ్లలో దాచేవారు. దానికి పెద్ద గుబురయ్య అనే ఎలుగుబంటి.

ఎవరి ఆకు వాళ్లు తీసుకుపోగానే గూట్లో బెత్తెడు ఖాళీ పడేది. కొత్త కబురు పెద్దదైతే ఆ బెత్తెడులో పట్టదు కదా! చింపి, ఇక్కడో ముక్కా అక్కడో ముక్కా కుక్కేవారు. అలా కుక్కగా కుక్కగా గుహ సగం ఖాళీగా ఉంటూనే నిండిపోయింది. లేడి తన చెల్లెలి పెళ్లి కబురు ముక్కలన్నీ ఏరుకునేసరికి చెల్లెలికి పిల్లలు పుట్టారు.

ఫిర్యాదు సింహరాజు దాకా వెళ్లింది. వేటకు బయల్దేరుతూ ఆయన గుబురయ్యను పిలిచి గద్దించారు: "నేను వేట నుంచి వచ్చేసరికి గుహలో చోటు కనబడాలి. లేదా, నీ పీట మీద ఇంకొకడు కనబడతాడు!"

పీట పోతే గుబురయ్య మళ్లీ చెదపుట్టలు తవ్వుకు బతకాలి.

"ఏమోయ్, ఎలా సర్దుదాం?" అని గుమాస్తా నక్కనడిగాడు.

"మన పద్ధతి ఉందిగా అయ్యగారూ! ముక్కలన్నీ కలిపి కొత్త ఆకుల మీద గీకించి, ఇంకో గుహలో వరసగా పేర్చాకే పాతవి పారెయ్యాలి. ఇంత గుహే ఇంకోటి ఖాళీగా కావాలి."

"ఓరి నీ తెలివి తెల్లారా! చోటు లేకనే కదరా సర్దేది? సర్దడానికి చోటెక్కణ్ణించి తేను?"

"చోటున్నవాళ్లు సర్దుకోరు కదండీ. అయినా అంత గుహ ఒకటుంది. రాజుగారిది. ఆయన వేటలో ఉన్నారు."

గుబురయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. కాసేపటికి ఒక చెవి తెరిచాడు.

మర్నాడే టపా మూతపడింది. "సర్దుడు జరుగుచున్నది. కబుర్లు గుమ్మంలో పడవేసి పోవలెను" అని బయట రాసిపెట్టారు. కోతులు కూర్చుని గీకాయి, మోశాయి, రాజుగారి గుహలో పేర్చాయి. పాత ఆకులు ఏట్లో కలిపి, కొత్తవి వెనక్కి తెద్దామనుకునేలోగా రాజుగారు దిగనే దిగారు.

"ముందుగానే వస్తున్నాను, నా గుహ ఊడ్పించమని కబురంపానే!"

ఆ కబురు టపా గుమ్మంలో, కుప్ప అడుగున ఉంది.

తన గుహ నిండా ఆకులే ఉండటం చూసి రాజుగారు విసవిసా టపా గుహలోకి నడిచారు. లోపలినుంచి గర్జన రాలేదు, ఆవలింత వచ్చింది.

"ఆహా, ఏం చోటు! నా కొంపకంటే చల్లగా ఉంది. ఇక నేనిక్కడే ఉంటాను. ఆకులు అక్కడే ఉండనియ్యి."

గుబురయ్యకు ప్రాణం లేచొచ్చింది. కానీ సింహం వాసన కొట్టే గుహ గడప తొక్కేదెవరు? కబుర్లు పంపేవారు లేరు, పట్టుకెళ్లేవారు లేరు. ఫిర్యాదులూ లేవు.

"భేష్ గుబురయ్యా! పని పూర్తిచేశావు" అన్నారు రాజుగారు.

"అంతా తమ దయ ప్రభూ!"

"మరి పని పూర్తయ్యాక పీటెందుకూ?"

ఆ సాయంత్రం గుబురయ్య చెదపుట్ట తవ్వుతుంటే నక్క వచ్చి పక్కన నిలబడింది.

"అయ్యగారూ, కాస్త సర్దుకుంటారా?"

నీతి: పైవాడు చోటు చెయ్యమంటే కాస్త చేసి ఊరుకో, పూర్తిగా చేస్తే అందులో నువ్వూ మిగలవు.