మంత్రిగారి ఒంటరి విమానం

విమానయాన శాఖ మంత్రిగారు వారం రోజుల్లో ప్రైవేట్ పైలట్ అవుతారని సోమవారం పొద్దున ప్రకటన వెలువడింది. మామూలు మనుషులకైతే కంటి పరీక్ష, రాత పరీక్ష, నలభై గంటల శిక్షణ కావాలి. ఆ శిక్షణలోనే సోలో అని ఒకటుంది, పక్కన ఎవరూ లేకుండా విమానం నడపాలి. మంత్రిగారు మామూలు మనిషి కారు గనక వారం కూడా ఎక్కువేనని పార్టీ ఆఫీసులో అనుకున్నారు.

శిక్షణ భారం ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే మేడమ్ నెత్తిన పడింది. ఆమె పదకొండేళ్లుగా టెంపరరీ. ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు మంత్రిగారి బల్ల మీదే ఉంది. ఆ సంగతి మంత్రిగారి పీఏ వస్తూనే గుర్తుచేశాడు. గుర్తుచేయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

కంటి పరీక్షలో గోడ మీది అక్షరాలన్నీ పీఏ చదివాడు.

"చదవాల్సింది ఆయన కదండీ," అంది మేడమ్.

"ఇన్నాళ్లూ ఏ కాగితం ఆయన చదివారు కనక? చదివి చెప్పడానికేగా నాకు జీతం."

రాత పరీక్ష కూడా అదే లెక్కన గట్టెక్కింది. ఇక నలభై గంటలు.

"అయ్యగారు గాల్లో కొన్ని వందల గంటలు తిరిగారు మేడమ్."

"వెనక సీట్లో నిద్రపోతూ."

"అంత ఎత్తున నిద్ర పట్టిందంటే ఎంత ధైర్యం ఉండాలి, చెప్పండి."

మేడమ్‌కి మంచం పట్టిన అత్తగారు, కాలేజీలో చేరాల్సిన కూతురు గుర్తొచ్చారు. నలభై గంటలూ పూర్తయినట్టు రిజిస్టర్లో రాసేసింది.

అసలు చిక్కు సోలో దగ్గర వచ్చింది. పదవిలోకి వచ్చాక మంత్రిగారు బాత్రూముకి కూడా ఒంటరిగా వెళ్లి ఎరగరు. ఉన్నతాధికారులతో కమిటీ వేశారు. విమానంలో తనతో సమానమైన హోదా గలవారు లేనప్పుడు మంత్రిగారు ఒంటరిగా ఉన్నట్టేనని కమిటీ రెండుసార్లు టీ తాగి ఏకగ్రీవంగా తేల్చింది.

శనివారం నాలుగు సీట్ల విమానం సిద్ధమైంది. మంత్రిగారు అలవాటు కొద్దీ వెనక సీట్లో కూర్చున్నారు. పక్కన గన్‌మన్. ముందు ఫొటోగ్రాఫర్.

"మరి నడిపేదెవరండీ?" అంది మేడమ్.

"మీరే," అన్నాడు పీఏ, తలుపు పట్టుకుని.

"అప్పుడు సోలో ఎలా అవుతుంది?"

"టెంపరరీ వాళ్లు లెక్కలోకి రారు మేడమ్."

ఆమె నడిపింది. ఒక చుట్టు తిప్పి దించింది. దిగాక మంత్రిగారిని ముందు సీట్లోకి మార్చి ఫొటో తీశారు. మంత్రిగారు ఎవరూ తోడు లేకుండా నడిపారని రాసిన కాగితం మీద మేడమ్ సంతకం పెట్టింది. పెడుతుంటే తన చెయ్యి చూసి తనకే అసహ్యం వేసింది.

మర్నాడు సభలో మంత్రిగారు ఆ కాగితాన్ని ఎత్తి జనానికి చూపించారు. "ఎవరి సాయం లేకుండా ఎగిరాను. నాకు అక్కర్లేని టీచరు మన యువతకి మాత్రం ఎందుకు?" అని అడిగారు. చప్పట్లు మోగాయి. సోమవారం మేడమ్ పోస్టు రద్దయింది.

సాయంత్రం ఆమె బల్ల సొరుగు ఖాళీ చేసుకుంటుంటే పీఏ ఫోన్ చేశాడు.

"పోస్టే లేదు గనక మీ ఫైలు కూడా క్లియర్ అయిపోయింది మేడమ్, చూశారా?"

"చూశానండీ."

"రేపు అయ్యగారు పక్క ఊరి సభకి సొంతంగా విమానం నడుపుకుంటూ వెళ్తున్నారు. పొద్దున్నే వచ్చెయ్యండి, ఆయనకి ఆలస్యమైతే నచ్చదు."