దొంగమొహానికి మెరుగులు

ఆ ఉదయం ఫొటో స్టూడియో ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తప్పిపోయిన కుక్క ఫొటోతో పోస్టర్లు అచ్చువేసి, ఎండ ముదరకముందే చుట్టుపక్కల వీధుల్లో అంటించి రావడం. కుక్క కనబడకుండా పోయినప్పటినుంచీ భార్య సరిగ్గా తినడం లేదు. ఆ బెంగ చూడలేకే స్టూడియో తలుపులు తీయకముందే ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

కుక్క పేరు దొంగ. ఒక చెవి నిక్కి, ఇంకోటి వాలిపోయి, నాలుక ఓ పక్కకి జారి, ఎప్పుడూ ఏదో తింటూ దొరికిపోయినట్టుండే మొహం. ఫొటోలోనూ అదే మొహం. ఉన్నదున్నట్టు అచ్చువేస్తే గొడవే లేకపోను. కానీ వచ్చిన మొహాన్ని వచ్చినట్టే బయటికి పంపాలంటే ఆయన చేతులు ఊరుకోవు. వాలిన చెవిని లేపాడు.

వెనక నిలబడ్డ బావమరిది మాత్రం ఊరుకుంటాడా? "నాలుక లోపలికి పెట్టెయ్ బావా, పరువుగా ఉంటుంది" అన్నాడు. పెట్టేశాడు.

కాఫీ తెచ్చిన అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "ఆ కళ్ళకింద చారలేమిటి అల్లుడుగారూ, ఏడ్చినట్టు? తుడిచెయ్యండి" అంది. తుడిచేశాడు. పనిలో పనిగా ముక్కు మీది మచ్చ తీసి, బొచ్చు దువ్వి, వెనక తెల్లటి తెర కూడా పెట్టాడు.

భార్య వచ్చి చూసి, "ఇది మన దొంగలా లేదండీ" అంది.

"పోస్టర్ అంటే అలాగే ఉండాలి. బాగుంటేనే జనం ఆగి చూస్తారు."

జనం ఆగి చూసిన మాట నిజమే. ఫోన్ మోగడం మొదలైంది. ఒకాయన, దీని పిల్లలుంటే అమ్ముతారా అన్నాడు. ఒకావిడ, బొచ్చుకి ఏం సబ్బు వాడతారంది. ఇంకొకాయన ఎవరిదో అందాల కుక్కని కారెక్కించి తెచ్చి దింపిపోయాడు. వెనకే దాని యజమాని వచ్చి, మా కుక్కని ఎత్తుకొస్తారా అని వీధంతా వినేలా కడిగిపారేశాడు. భార్య పళ్ళెం ముందునుంచి లేచిపోయింది. ఆయనకి ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రం వెనకవీధి బేకరీ ఆయన వచ్చి ఫోన్ తీసి ఓ ఫొటో చూపించాడు. "ఓ కుక్క మా కొట్టు వదిలి కదలడం లేదండీ. మీదేమోనని పోస్టర్ పక్కన పెట్టి చూశాను. మీది రాజాలా ఉంది. ఇది చూడండి, ఎలా ఉందో. దీనికీ ఓ పోస్టర్ చేసిపెట్టండి."

ఆ కుక్క మొహమంతా మైదాపిండి. స్టూడియో ఆయనకి జాలేసింది. "ఈ మొహం చూసి ఎవరొస్తారండీ. ఉండండి, కాస్త సరిచేస్తాను" అని ఆ ఫొటోని కంప్యూటర్లోకి ఎక్కించుకుని కూర్చున్నాడు. పిండి తుడిచాడు. చెవి లేపాడు, నాలుక లోపలికి పెట్టాడు, చారలు తీశాడు, మచ్చ తీశాడు, బొచ్చు దువ్వాడు. తెల్లటి తెర పెట్టేసరికి చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా కంప్యూటర్లో తన పోస్టరే ఉంది.

"ఏమేవ్, ఇలా రా. ఇది మన దొంగే."

భార్య కంప్యూటర్ వైపు చూడనేలేదు. బేకరీ ఆయన ఫోన్లో ఉన్న పిండిమొహాన్ని చూసి, "దొంగే కదండీ. ఇంత దిద్దితేగానీ మీకు తెలియలేదా?" అంటూ ఏడుస్తూనే చెప్పులు వేసుకుని పరిగెత్తింది.

మర్నాడు ఆవిడ దొంగని ఒళ్ళో పెట్టుకుని స్టూడియోలో కూర్చుంది. "దీని మొహంలో వెంట్రుక కూడా కదపడానికి వీల్లేదు" అని ముందే చెప్పింది. ఆయన బుద్ధిగా సరేనని ఫొటో తీసి కంప్యూటర్లో పెట్టాడు. ఆవిడ వంగి చాలాసేపు చూసింది.

"దాన్ని ముట్టుకోకండి" అంది మెల్లగా. "నాకు మాత్రం గడ్డం కింద కాస్త తగ్గించండి."