అక్షరాలకు కాపలా

జడ్చర్ల బస్టాండు సందులో కంప్యూటర్ మీద పెళ్లి కార్డులు వేసే దుకాణాలు రెండే. ఒకటి హమీద్‌ది, ఎదురుగా ఉన్నది లింగస్వామిది. హమీద్ మూడేళ్లు కళ్లు మంటలెత్తేలా కూర్చుని సొంతంగా తెలుగు అక్షరాలు గీసుకున్నాడు. అవి లింగస్వామి చేతికి చిక్కుతాయేమోనని అతనికి ఒకటే బెంగ. అందుకని ఆ పొద్దున హైదరాబాదు నుంచి తెప్పించిన కాపలా సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఇక అక్షరాల నకళ్లు దాచిన ఫ్లాపీలతో పనేముందని వాటిని తన చేత్తోనే విరిచేశాడు. అంత ముందుచూపు అందరికీ ఉండదు.

కొడుకు పెళ్లి కార్డుల కోసం వచ్చిన గుర్వమ్మ చెప్పులు బయట విడిచి స్టూలు మీద కూర్చుంది.

"పగటీలి పన్నెండు దాటితే మంచి గడియ పోతది బిడ్డా. తొలి కార్డు దేవుని ముంగట వెట్టాలె," అంది.

"ఫికర్ జెయ్యకు పెద్దమ్మా. గిప్పుడే అయితది."

కాపలా మహా నిక్కచ్చిది. ఒక్కో అక్షరం దొంగ చేతిలో లేదని నిర్ధారించుకున్నాకే తెరమీదికి వదిలేది. "శ్రీ" పడేలోపు గుర్వమ్మ ఒక కునుకు తీసి లేచింది.

"పండుకున్నదా ఏంది?"

"లేదు పెద్దమ్మా, కావలి కాస్తాంది."

హమీద్ హైదరాబాదుకు ఫోన్ కొట్టాడు. కాపలాకు జాగా చాలడం లేదని, పనికిరానివి తీసేయమని అమ్మినవాడు సెలవిచ్చాడు. హమీద్ ఆటలు తీసేశాడు, పాత నమూనాలు తీసేశాడు. కాపలాకు ఇంకా ఆయాసం తీరలేదు. వెతికితే ఓ మూల అర్థంపర్థం లేని పేర్లతో పెద్ద ఫైళ్లు కనిపించాయి. వాటినీ ఊడ్చేశాడు. కంప్యూటర్ గుర్రంలా లేచింది, తెరమీద మాత్రం ఒక్క తెలుగు అక్షరమూ లేదు.

దొంగ గుర్తుపట్టకుండా కాపలాయే అక్షరాలున్న ఫైళ్ల పేర్లు మార్చింది. దొంగ సంగతేమో గాని, యజమాని గుర్తుపట్టలేదు. మూడేళ్ల కష్టం పోయిందని హమీద్ తల పట్టుకుని నిజంగానే ఏడ్చాడు. గుర్వమ్మ చెప్పులు తొడుక్కుని ఎదురు దుకాణానికి నడిచింది.

కాసేపటికి తిరిగొచ్చి, తడి ఆరని కార్డు చూపించింది.

"ఏడ్వకు బిడ్డా. గడియ దాటకముందే అయింది."

హమీద్ కార్డు చూశాడు. మెలి తిరిగిన ఆ "క్ష" అతను గీసిందే. ఒక్క పరుగున రోడ్డు దాటి లింగస్వామిని కావలించుకున్నాడు.

"ఎప్పుడు ఎత్తుకొచ్చినవ్ అన్నా? నీ కడుపు సల్లగుండ, నాకో కాపీ ఇయ్యి."

లింగస్వామి చాలాసేపు ఆలోచించి ఫ్లాపీ తీశాడు.

"ఇస్త గని, ఇంకెవ్వరికి ఇయ్యొద్దు. మస్తు తిప్పలవడి సంపాయించిన."

ఎవరికీ ఇవ్వనని హమీద్ ఒట్టు పెట్టుకున్నాడు.